ఫిషింగ్ కయాక్‌కు ఎంత వెడల్పు చాలు?

ఫిషింగ్ కయాక్ (చేపలు పట్టడానికి వాడే, ఎక్కువగా తెడ్డుతో నడిపే చిన్న పడవ) కొనబోయేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న, "ఇందులో నిలబడొచ్చా?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది రెండోది. మొదటిది వేరే ఉంది: "ఎదురుగాలి లేచినప్పుడు ఈ పడవ నన్ను ఒడ్డుకు చేరుస్తుందా?" ఈ వరస తారుమారు కావడం వల్లే చాలామంది తమకు అక్కర్లేని వెడల్పు కొంటున్నారని నా అభిప్రాయం. నిలకడలో కొంత భాగాన్ని పడవ కొన్నాక కూడా సంపాదించుకోవచ్చు. సీటు దించవచ్చు, సామాను సర్దవచ్చు, నడుముకు ఊపు అలవాటు చేయవచ్చు. వేగానికి ఆ అవకాశం లేదు. అది ప్లాస్టిక్ అచ్చులోనే నిర్ణయమైపోతుంది. పది అడుగుల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పడవను తర్వాత ఏం చేసినా సన్నబరచలేం.

నిలకడ ఒకటి కాదు, రెండు. పడవ మట్టంగా ఉన్నప్పుడు మొదటి ఊపును ఆపేది తొలి నిలకడ. పడవ బాగా ఒరిగాక, ఇంకా ఒరగనివ్వకుండా వెనక్కి నెట్టేది మలి నిలకడ. షోరూంలోనో, కదలని నీటిలోనో కూర్చుని చూసినప్పుడు తెలిసేది తొలి నిలకడ మాత్రమే. అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉన్న పడవ ఆ పరీక్షలో ప్రతిసారీ గెలుస్తుంది. అయితే అలాంటి పడవ ఒక కోణం వరకు రాయిలా నిలబడి, అది దాటగానే పెద్దగా హెచ్చరించకుండా తిరగబడుతుంది. అడుగు కాస్త గుండ్రంగానో వి ఆకారంలోనో ఉండి, పక్కగోడలు పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకున్న పడవ మొదట కాస్త కదులుతుంది. ఒరిగేకొద్దీ వెడల్పైన భాగం నీటిలోకి దిగి పడవను నిలబెడుతుంది. మొదటిరోజు భయపెట్టేది రెండోదే. అలల్లో నమ్మదగినదీ అదే.

ఇక లెక్క. తొలి నిలకడ నీటిగీత (పడవ పక్కన నీరు వచ్చే మట్టం) దగ్గరి వెడల్పు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. పొడవు, మొత్తం బరువు అంతే ఉండి వెడల్పు 75 నుంచి 90 సెంటీమీటర్లకు పెరిగితే, నీటి ఉపరితలం ఇచ్చే నిలకడ 1.73 రెట్లవుతుంది. అందుకే రెండు మూడు సెంటీమీటర్లు కూడా కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తాయి. కేటలాగులో రాసే వెడల్పు మాత్రం చాలాసార్లు పై అంచు దగ్గరిది. పక్కలు బాగా విచ్చుకున్న పడవలో నీటిగీత దగ్గర దానికంటే ఐదారు సెంటీమీటర్లు తక్కువ ఉండవచ్చు. రెండు పడవలను కేటలాగు అంకెతో పోల్చి, ఒకటి ఎందుకు ఎక్కువ ఊగుతోందని ఆశ్చర్యపోవడం దీనివల్లే. టేపు పట్టుకెళ్లి, నీరు ఎక్కడిదాకా వస్తుందో అంచనా వేసి అక్కడ కొలవండి.

ఈ లెక్కలో రెండో సగం బరువు కేంద్రం ఎత్తు. 80 కిలోల మనిషి, 35 కిలోల పడవ, 15 కిలోల సామాను కలిపి 130 కిలోలు అనుకుందాం. సీటు 10 సెంటీమీటర్లు దించితే మొత్తం బరువు కేంద్రం 6 సెంటీమీటర్లు దిగుతుంది. వినడానికి చిన్నదే. కానీ ఈ బరువుతో, నీటిగీత దగ్గర మూడున్నర మీటర్ల పొడవున్న పడవకు ఉజ్జాయింపుగా లెక్క వేస్తే, వెడల్పు 80 నుంచి 75కు తగ్గినందువల్ల పోయే నిలకడలో చాలా భాగం సీటును 15 సెంటీమీటర్లు దించితే తిరిగి వస్తుంది. అదే మనిషి లేచి నిలబడితే మొత్తం బరువు కేంద్రం ఒక్కసారిగా 30 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. ఆ ఎత్తులో 75 సెంటీమీటర్ల పడవకు సొంత నిలకడ మిగలదు. మనిషి తన కాళ్లతో క్షణక్షణం సర్దుకుంటూ దాన్ని నిలబెట్టాల్సి వస్తుంది. 80 దగ్గర అంతంతమాత్రంగా ఉంటుంది. 90 దగ్గర ధీమాగా నిలబడొచ్చు.

కాబట్టి ఫిషింగ్ కయాక్‌లలో ఆ అదనపు వెడల్పు దాదాపు పూర్తిగా నిలబడటం కోసమే. కూర్చుని చేపలు పట్టేవాళ్లకు నీటిగీత దగ్గర 72 నుంచి 78 సెంటీమీటర్లు సరిపోతాయి. అటూ ఇటూ తిరిగి వెనక పెట్టెలోంచి ఏదైనా తీసుకోవడానికి, గాలం విసరడానికి, పక్కనుంచి చేపను లాక్కోవడానికి అంతకంటే అక్కర్లేదు. మీరు నీటి మీద గడిపే సమయంలో నిజంగా ఎంతసేపు నిలబడతారో నిజాయితీగా లెక్కేసుకోండి. లోతు తక్కువున్న తేటనీటిలో చేపను కంటితో వెతికి విసిరేవాళ్లు సగం రోజు నిలబడతారు. వాళ్లకు వెడల్పు పనిముట్టు. ట్రోలింగ్ చేసేవాళ్లు, అంటే పడవ కదులుతుండగా ఎరను వెనక లాగేవాళ్లు, లోతు నీటిలో ఎర దించి కూర్చునేవాళ్లు నడుము నొప్పెట్టినప్పుడు తప్ప లేవరు. ఆ కాసేపటి కోసం మిగిలిన రోజంతా 90 సెంటీమీటర్ల పడవను లాగడం మంచి బేరం కాదు.

వేగం గురించి ఒక అపోహ ఉంది. నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో (ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు) గరిష్ఠ వేగం వస్తుందనే సూత్రం పడవలవాళ్లందరికీ తెలుసు. పది అడుగులకు అది గంటకు సుమారు 7.8 కిలోమీటర్లు, పదమూడు అడుగులకు దాదాపు 9. ఇది చూసి, "మనం ఎలాగూ ఐదు దాటి వెళ్లం, పొడవుతో పనేముంది?" అనుకుంటారు. కానీ ఆ గరిష్ఠం ఉన్నట్టుండి ఎదురయ్యే గోడ కాదు. పొట్టి పడవలో అలల నిరోధం అంతకు చాలా ముందే మొదలవుతుంది. వెడల్పాటి ముక్కు నీటిని చీల్చకుండా తోస్తుంది. నీటిని తాకే ఉపరితలం ఎక్కువైనకొద్దీ రాపిడి పెరుగుతుంది. అడుగున రెండు పాంటూన్లు (పొడవాటి తేలుడు గొట్టాల్లాంటివి), మధ్యలో సొరంగంలా ఖాళీ ఉన్న పడవల్లో తడిసే ఉపరితలం మరీ ఎక్కువ. అవి నిలబడటానికి అద్భుతంగా ఉండి, తెడ్డుకు బరువుగా ఉండేది అందుకే.

నీటి నిరోధం వేగం వర్గాన్ని, దాన్ని దాటడానికి పెట్టే శక్తి వేగం ఘనాన్ని అనుసరిస్తాయి. గంటకు 4 కిలోమీటర్ల నుంచి 5కు వెళ్లాలంటే దాదాపు రెట్టింపు శ్రమ పడాలి. అంటే బద్ధకపు పడవలో ఎక్కువ బలం పెట్టి వేగం తెచ్చుకుందామనే ఆలోచన పది నిమిషాలు పని చేస్తుంది. గంటసేపు చేయదు. రోజంతా ఒకే లయలో తెడ్డు వేయగల మనిషికి 10 అడుగుల, 86 సెంటీమీటర్ల పడవ సుమారు 4 కిలోమీటర్లు, 13 అడుగుల, 76 సెంటీమీటర్ల పడవ సుమారు 5 కిలోమీటర్లు ఇస్తాయనుకోండి. నిశ్చలమైన నీటిలో 3 కిలోమీటర్లు వెనక్కి రావడానికి మొదటిదానికి 45 నిమిషాలు, రెండోదానికి 36. తొమ్మిది నిమిషాలకు ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడు గంటకు 2.5 కిలోమీటర్ల ప్రవాహం ఎదురైందనుకోండి. మొదటి పడవకు మిగిలేది గంటకు 1.5 కిలోమీటర్లు, కాబట్టి రెండు గంటలు. రెండోది గంటా పన్నెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. తేడా 48 నిమిషాలకు పెరిగింది. ప్రవాహం 4 కిలోమీటర్లు ఉంటే మొదటి పడవ ఉన్నచోటే ఉంటుంది, రెండోది నెమ్మదిగానైనా ఇంటిదారి పడుతుంది.

అందుకే వేగాన్ని సరదాగా కాదు, భద్రతగా లెక్కించాలంటాను. నిలకడే భద్రత అనే మాటలో సగం నిజమే ఉంది. పడవ బోల్తా పడకపోయినా, గాలి మనల్ని ఒడ్డుకు దూరంగా తోస్తుంటే చేయగలిగింది లేని పరిస్థితి అంతే ప్రమాదకరం. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఎత్తు సీటు మీద నిటారుగా కూర్చున్న మనిషి, వెనక పెట్టె, దానికి నిలబెట్టిన నాలుగు ఫిషింగ్ రాడ్లు అన్నీ తెరచాపలే. వెడల్పు పడవ కొన్నవాళ్లు దాని నిలకడ చూసి సీటు ఎత్తులో పెట్టుకుంటారు. దాంతో నీటిలో నిరోధం, గాలిలో నిరోధం రెండూ పెరుగుతాయి. ఎదురుగాలిలో మొదట చేయాల్సింది రాడ్లు పడుకోబెట్టి, సీటు దించడం. రెండు ఎత్తుల్లో పెట్టుకునే వీలున్న సీటు ఉంటే, ప్రయాణానికి కిందిది, గాలం విసరడానికి పైది వాడండి. మార్చే పని ఒడ్డునో, నడుములోతు నీటిలోనో చేయండి.

తెడ్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెడల్పు పడవలో తెడ్డు మధ్యగీతకు దూరంగా నీటిలో పడుతుంది. ప్రతి వేటుకూ ముక్కు పక్కకు తిరుగుతుంది, దాన్ని సరిచేయడానికి శ్రమలో కొంత వృథా అవుతుంది. ఎత్తు సీటు ఉన్న 86 సెంటీమీటర్ల పడవకు 250 నుంచి 260 సెంటీమీటర్ల తెడ్డు కావాలి. 76 సెంటీమీటర్లు, తక్కువ సీటు ఉంటే 230 నుంచి 240 చాలు. పొడవు తెడ్డు బరువు, ఊపు భుజాల మీద పడతాయి. పొట్టి తెడ్డుతో వెడల్పు పడవ నడిపితే పిడికిళ్లు అంచుకు తగులుతాయి, నీరు ఒళ్లోకి కారుతుంది. చుక్కాని ఉంటే పక్కగాలిలో దిద్దుబాటు వేట్లు తగ్గుతాయి. అది వేగాన్ని పెంచదు, వృథాను తగ్గిస్తుంది.

అలల విషయంలో చాలామంది అంచనా తలకిందులుగా ఉంటుంది. బల్లపరుపు అడుగున్న వెడల్పు పడవ ఎప్పుడూ నీటి ఉపరితలానికి సమాంతరంగా ఉండాలని చూస్తుంది. ఉపరితలం మట్టంగా ఉంటే అది నిలకడ. పక్కనుంచి అల వచ్చి ఉపరితలమే ఏటవాలుగా మారితే, పడవ కూడా ఆ వాలుకు తగ్గట్టు ఒరిగి, పైన ఎత్తులో కూర్చున్న మనిషిని పక్కకు విసురుతుంది. గుండ్రని అడుగున్న సన్న పడవలో నడుము వదులు చేస్తే అల కిందనుంచి దాటిపోతుంది. అందుకే లోతట్టు చెరువులో రాజులా ఉన్న పడవ, పడవల రద్దీ వల్ల అడ్డదిడ్డంగా అలలు లేచే చోట లేదా సముద్రంలో అలసట తెప్పిస్తుంది. తెరిచిన నీటిలోకి వెళ్లేవాళ్లు 12 నుంచి 14 అడుగుల పొడవు, 71 నుంచి 79 సెంటీమీటర్ల వెడల్పు, ముక్కు దగ్గర కాస్త పైకి లేచిన అడుగు ఉన్నవి చూడాలి.

ఇంకొకటి, ఎవరూ అమ్మేటప్పుడు చెప్పనిది. వెడల్పు పడవ తలకిందులయ్యాక కూడా అంతే నిలకడగా ఉంటుంది. 90 సెంటీమీటర్ల పడవ బోర్లాపడితే, నీటిలో ఉన్న మనిషి చేయి అవతలి అంచుకు అందదు. పక్క హ్యాండిల్‌కు రెండు మీటర్ల పట్టీ కట్టి ఉంచండి. బోల్తాపడితే పట్టీని అడుగు మీదుగా అవతలి వైపుకు విసిరి, మీరూ అటు వెళ్లి, మోకాళ్లను దగ్గరి అంచుకు ఆనించి, వెనక్కి వాలి ఒళ్లంతా బరువు వేసి లాగాలి. తిరగేశాక పడవ మధ్యభాగం దగ్గరికి వచ్చి, కాళ్లతో నీటిని తన్నుతూ శరీరాన్ని ఉపరితలానికి సమాంతరంగా తెచ్చి, బొజ్జ మీద డెక్ (పడవ పైభాగం) మీదికి జారాలి. తర్వాత వెల్లకిలా తిరిగి, సీటులో కూర్చుని, చివరగా కాళ్లు లోపలికి తీసుకోవాలి. కాళ్లు కిందికి వేలాడుతుండగా పైకి లేవాలని చూస్తే పడవ మళ్లీ మీదికే వస్తుంది. డెక్ ఎంత ఎత్తైతే ఈ పని అంత కష్టం. లైఫ్ జాకెట్ వేసుకుని ఒడ్డు దగ్గర ఇది చేయలేని పడవలో లోతుకు వెళ్లకూడదు, దాని వెడల్పు ఎంతైనా సరే.

నిలకడ పోయే దారులు చాలావరకు వెడల్పుతో సంబంధం లేనివి. పడవ లోపల చేరిన నీరు అన్నిటికంటే మోసకారి. పది లీటర్లు బరువులో పది కిలోలే. కానీ పడవ ఒరిగిన వైపుకే ఆ నీరంతా పరిగెత్తి, ఒరుగును ఇంకా పెంచుతుంది. హ్యాచ్ (పడవ లోపలికి తెరుచుకునే ద్వారం) మూత రబ్బరు, డెక్‌లోకి దించిన బోల్టులు, డెక్ మీది నీరు కిందికి పోయే స్కప్పర్ రంధ్రాల లోపలి గొట్టాల పగుళ్లు దీనికి మూలాలు. వెనక చక్రాల బండిని స్కప్పర్లలో దూర్చి పడవను లాగేవాళ్లకు ఆ పగుళ్లు త్వరగా వస్తాయి. ఉదయం బాగున్న పడవ మధ్యాహ్నానికి "ఎందుకో ఊగుతోంది" అనిపిస్తే, హ్యాచ్ తెరిచి చూడండి. స్పాంజ్, చేతిపంపు ఎప్పుడూ దగ్గరుండాలి.

బరువు విషయంలో, రాసి ఉన్న సామర్థ్యంలో 70 శాతం దాటకండి. అంతకు మించితే పడవ లోతుగా కూరుకుని స్కప్పర్లలోంచి నీరు డెక్ మీదికి వస్తుంది, వేగమూ పోతుంది. బ్యాటరీ, లంగరు లాంటి బరువైనవి మధ్యగీత మీద, వీలైనంత కింద ఉండాలి. వెనక పెట్టెలో బరువంతా పెడితే ముక్కు తేలిపోయి గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది. మీరు కూర్చున్నాక పక్కనుంచి ఫొటో తీయించుకుంటే ముక్కు, తోక మట్టంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

లంగరును పక్కనుంచి ఎప్పుడూ వేయకండి. ప్రవాహంలో తాడు బిగిస్తే ఆ వైపు అంచును నీటిలోకి లాగుతుంది, 90 సెంటీమీటర్ల వెడల్పు కూడా కాపాడదు. యాంకర్ ట్రాలీతో, అంటే పడవ పక్కన కప్పీల మీద తిరిగే తాడుతో, లంగరు తాడును ముక్కుకో తోకకో జరపాలి. తాడు లోతుకు కనీసం మూడింతలు, గాలి ఉంటే ఐదు నుంచి ఏడింతలు వదలాలి. చివర బోయా (తేలే గుర్తు) కట్టి, ఒక్క లాగుతో విడిపోయే ముడి వేయాలి. తాడు కోయడానికి కత్తి జాకెట్‌కే ఉండాలి, పెట్టెలో కాదు. చేపను అందుకునేటప్పుడు తల పడవ అంచు దాటనివ్వకండి. తల దాటితే భుజాలు, భుజాలతోపాటు బరువు కేంద్రం వెళ్తాయి. పొడుగు పిడి ఉన్న వల వాడితే ఈ సమస్య సగం పోతుంది.

కాళ్లతో తొక్కి నడిపే పెడల్ డ్రైవ్ వచ్చాక ఈ వాదన కొంత మారిందని ఒప్పుకోవాలి. కాళ్లు చేతుల కంటే ఎక్కువసేపు ఎక్కువ శక్తి ఇస్తాయి. 86 సెంటీమీటర్ల పడవ కూడా గంటకు 5 కిలోమీటర్లు అలవోకగా పోతుంది, చేతులు రాడ్‌కు ఖాళీగా ఉంటాయి. పెడల్ ఉన్నచోట వెడల్పుకు చెల్లించే వెల తగ్గుతుంది కాబట్టి, నిలబడేవాళ్లకు అదే సరైన జోడి. అయితే కింద వేలాడే ప్రొపెల్లర్‌కో, రెక్కల్లాంటి ఫిన్లకో లోతు కావాలి, నాచు చుట్టుకుంటే ఆగాలి, డ్రైవ్ బరువు అదనం. అది పాడైతే ఇంటికి వచ్చేది తెడ్డుతోనే. కాబట్టి కొనేముందు డ్రైవ్ తీసేసి, తెడ్డుతో ఒక కిలోమీటరు నడిపి చూడటం తప్పనిసరి.

మోటారు మాత్రం ఈ సమస్యను పరిష్కరించదు, బ్యాటరీలోకి మారుస్తుంది. 55 పౌండ్ల తోపుడు బలమున్న 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు గంటలకు మించి రాదు. వేగం 20 శాతం తగ్గిస్తే శక్తి దాదాపు సగానికి పడుతుంది. సన్న పడవలో అదే బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుంది. కేవలం వెడల్పు తెచ్చిన నిరోధాన్ని కప్పిపుచ్చడానికి పాతిక కిలోల లెడ్ బ్యాటరీ మోయడం నాకు నచ్చని పరిష్కారం.

పక్కన తేలే స్టెబిలైజర్లు సన్న పడవకు నిలబడే ధైర్యం ఇస్తాయి. వాటిని నీటిని ఆనకుండా రెండు మూడు సెంటీమీటర్ల పైన అమర్చితే, పడవ ఒరిగినప్పుడే పని చేస్తాయి, మామూలుగా నిరోధం ఉండదు. తెడ్డుకు అడ్డం రాకుండా సీటు వెనక బిగించాలి. చేప వాటి చుట్టూ తిరిగి లైను చిక్కుపడటం వీటి అసలు లోపం.

మనిషిని బట్టి కూడా జవాబు మారుతుంది, అందుకే ఒకరి సిఫార్సు మరొకరికి పనికిరాదు. ఆరడుగుల, 110 కిలోల మనిషికి 76 సెంటీమీటర్లు నిజంగానే ఇరుకు. ఆయన బరువు కేంద్రం ఎత్తుగా ఉంటుంది, పడవ లోతుగా కూర్చుంటుంది. ఆయనకు 84 నుంచి 88 సరైనవి, వాటితోపాటు పొడవూ 12 అడుగులకు తగ్గకూడదు. 55 కిలోల మనిషి అదే పడవలో కూర్చుంటే అది బెండులా పైకి తేలి, గాలికి కొట్టుకుపోతుంది. మోకాళ్లు, నడుము సహకరించనివాళ్లకు ఎత్తు సీటు సౌకర్యం కాదు, అవసరం. వాళ్లు వెడల్పు తీసుకోవాల్సిందే, దానికి తగ్గట్టు వెళ్లే దూరం తగ్గించుకోవాల్సిందే.

రెండు పడవల మధ్య తేల్చుకోలేకపోతే నీటిలోనే తేల్చుకోవాలి. ముందు నడుములోతు నీటిలో, మీరు నిజంగా తీసుకెళ్లే బరువుతో. అంచు మీదికి నీరు వచ్చేదాకా కావాలని ఒరిగించండి. అక్కడ పడవ వెనక్కి నెడుతోందా, జారిపోతోందా గమనించండి. రెండు కాళ్లూ ఒకే వైపు నీటిలో వేలాడేసి కూర్చోండి. వెనక్కి తిరిగి పెట్టె చివరన ఉన్న వస్తువు తీయండి. తర్వాత కావాలనే బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కండి. ఇక వేగం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, ఆగకుండా మాట్లాడగలిగేంత శ్రమతో ఒక కిలోమీటరు వెళ్లి, అదే కిలోమీటరు వెనక్కి రండి. పోయిరాకల మొత్తం సమయంతో సగటు వేసుకోండి, ఒకవైపు గాలి సాయం లెక్కను చెడగొట్టకుండా. ఆపై తెడ్డు ఆపేసి పడవ ఎంత దూరం జారుతుందో చూడండి. రెండు మూడు పడవ పొడవులకే ఆగిపోయేది రోజంతా మిమ్మల్ని పని చేయిస్తుంది.

సగటు వేగాల తేడా గంటకు అర కిలోమీటరు లోపు ఉంటే వెడల్పైనదే తీసుకోండి. అంత చిన్న తేడా కోసం నిలకడ వదులుకోనక్కర్లేదు. ఒక కిలోమీటరు దగ్గరికి వస్తే, మీరు కూర్చుని పట్టేవాళ్లైతే, ఒడ్డుకు రెండు కిలోమీటర్లు దాటి వెళ్లేవాళ్లైతే, సన్నదే తీసుకుని మొదటి నెల సీటు కింది మెట్టులోనే ఉంచండి.